మర్దన వల్ల నొప్పి నిజంగా తగ్గుతుందా, లేక ఆ గంటసేపు హాయిగా ఉంటుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ వయసు ముప్పై ఆరు. విజయవాడలో ఇంటి నుంచే కంప్యూటర్ ముందు పని. ఏడాదిగా మెడ, కుడి భుజం పట్టేస్తున్నాయి, రాత్రిళ్లు నిద్ర సరిగా పట్టడం లేదు. అరవై నాలుగేళ్ల మీ అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, పైగా పదేళ్లుగా షుగరు. ఒక మసాజ్ కేంద్రం వారు పది సిట్టింగుల ప్యాకేజీ తీసుకుంటే ఒంట్లోని విషాలన్నీ బయటికి పోతాయని, పక్కకు తప్పిన నరాలు సర్దుకుంటాయని, మనసు కూడా కుదుటపడుతుందని చెప్పారు. ఇందులో నిజమెంత అన్నది మీ సందేహం.

నేను గుంటూరు కొత్తపేటలో ఇరవై రెండేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. నా సమాధానం ముందే చెబుతాను: మేలు నిజమే, కానీ వారు చెప్పిన కారణాల వల్ల కాదు. మర్దన ఎవరికి చేయాలి, ఎంతసేపు, ఎంత ఒత్తిడితో చేయాలి, ఎప్పుడు అసలు చేయి వేయకూడదు అనే నిర్ణయాలన్నీ ఆ కారణం మీదే ఆధారపడి ఉంటాయి కనుక, అక్కడి నుంచే మొదలుపెడతాను.

మన ప్రాంతంలో మెడ పట్టేసినా, నడుము పట్టేసినా "నరం మీద నరం ఎక్కింది" అంటారు. రోజూ పదిమంది నా ముందు ఈ మాట అంటారు. నరాలు అలా ఒకదానిమీద ఒకటి ఎక్కవు, బొటనవేలితో తోస్తే దిగవు. ఎక్కువ సందర్భాల్లో జరిగేది కండరం బిగుసుకుపోవడం, ఆ బిగువును కాపాడుతూ నొప్పి సంకేతాలు మెదడుకు పోతూనే ఉండడం. విషాల సంగతి కూడా అంతే. రక్తంలోని వ్యర్థాలను వేరుచేసే పని కాలేయానిది, మూత్రపిండాలది. వాటి పనిని వీపు మీద పడే చేయి చేయలేదు. కష్టపడి పని చేసినప్పుడు కండరంలో పేరుకునే లాక్టిక్ ఆమ్లాన్ని మర్దన పిండేస్తుందనే నమ్మకం మా వృత్తిలోనే చాలాకాలం ఉండేది, నేను చదువుకున్న రోజుల్లో మాకూ అలాగే చెప్పారు. 2012లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వారు 11 మంది యువకుల చేత అలసిపోయేదాకా సైకిల్ తొక్కించి, ఒక కాలికి మాత్రమే పది నిమిషాలు మర్దన చేసి, రెండు తొడల నుంచీ కండరపు చిన్న ముక్కలు తీసి పోల్చి చూశారు. లాక్టిక్ ఆమ్లంలో తేడా కనిపించలేదు. అయితే మర్దన చేసిన కాలి కండరంలో వాపును రేపే రసాయన సంకేతాలు తగ్గాయి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను పెంచే సంకేతాలు పెరిగాయి. అంటే పాత వివరణ తప్పింది గాని, మేలు జరుగుతోందన్న అనుభవం తప్పు కాలేదు.

అయితే నొప్పి తగ్గడానికి ముఖ్యమైన దారి కండరం కన్నా నాడీవ్యవస్థ ద్వారా పోతుందని నా అభిప్రాయం. గుమ్మానికి మోకాలు కొట్టుకున్న పిల్లవాడు ఎవరూ నేర్పకుండానే ఆ చోటు రుద్దుకుంటాడు. స్పర్శను, ఒత్తిడిని మోసే నాడీతంతువులు లావుగా ఉండి సమాచారాన్ని వేగంగా పంపుతాయి, సలుపును మోసేవి సన్నగా ఉండి నెమ్మదిగా పంపుతాయి. ఈ రెండూ వెన్నుపాములో కలిసే చోట, స్పర్శ ఎక్కువైతే నొప్పికి దారి ఇరుకవుతుందని 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. వివరాల్లో తర్వాత మార్పులు వచ్చినా, మూలసూత్రం ఇప్పటికీ నిలిచి ఉంది. దీనికి తోడు, రోమాలున్న చర్మంలో మరొక రకం సన్నని తంతువులు ఉన్నాయి. సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో, వెచ్చని చేత్తో నిమిరినప్పుడే అవి బాగా స్పందిస్తాయి. మెదడులో అవి చేరేది ఎక్కడ తాకారో లెక్కగట్టే భాగానికి కాక, హాయి, భద్రత అనే భావాలతో సంబంధమున్న భాగానికి. నిద్రపోని మనవడి వీపు నిమిరే అమ్మమ్మ చేయి సరిగ్గా ఆ వేగంతోనే కదులుతుంది.

ఒక మనిషిని చూపిస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. మిర్చి సీజన్ నడుస్తున్న నెలల్లో గుంటూరు యార్డు నుంచి హమాలీలు నా దగ్గరికి వస్తుంటారు. నలభై కిలోలు దాటిన టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, పొద్దుటి నుంచి మోసి, సాయంత్రం అదే చొక్కాతో వస్తారు. ఆ ఘాటుకు ముందు నేను తుమ్ముతాను, తర్వాత మిగతా పేషెంట్లు తుమ్ముతారు. అలా వచ్చిన ఒకాయన తల కుడివైపు సగం కూడా తిరగడం లేదు. మెడ నుంచి భుజం అంచు దాకా పోయే ట్రపీజియస్ కండరాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూస్తే, మధ్యలో చింతగింజంత గట్టి చోటు దొరికింది. దాన్ని బొటనవేలితో నిదానంగా నొక్కి ఉంచాను. ఆయన కాలివేళ్లు ముడుచుకున్నాయి, "అక్కడే, అక్కడే, కణత దాకా లాగుతోంది" అన్నాడు. భుజం మీద నొక్కితే నొప్పి కణతకు పాకడం ఈ కండరం స్వభావమే. ఊపిరి వదులుతూ ఉండమన్నాను. అరనిమిషం గడిచేసరికి వేలి కింద ఉన్న గట్టితనం మెత్తబడడం నాకు తెలిసింది, ఆయన కాలివేళ్లు విడివడడం నాకు కనిపించింది. ఇరవై నిమిషాల తర్వాత తల దాదాపు పూర్తిగా తిరిగింది. అది చూసి ఆయన వెంట వచ్చిన కుర్రాడు నా చేతిలో ఏదో ఉందన్నాడు. ఏమీ లేదు. మర్నాడు మళ్లీ టిక్కీలెత్తాడు, మూడో రోజుకు మెడ మళ్లీ పట్టేసింది.

మర్దన ఇచ్చే తేలిక కొన్ని గంటలో, కొన్ని రోజులో ఉంటుంది. ఆ తేలిక ఉన్న సమయంలోనే, అంతకుముందు నొప్పి వల్ల చేయలేకపోయిన వ్యాయామాన్ని చేయించాలి. ఆ హమాలీకి మర్దన రెండు వారాలే చేశాను. భుజాల వెనక కండరాలకు బలం వచ్చే వ్యాయామం, బరువును ఒకే భుజానికి కాకుండా మార్చి మార్చి ఎత్తుకోవడం, మధ్యలో విరామాలు మాత్రం సీజన్ అంతా చేయించాను. మసాజ్ కేంద్రాల ప్యాకేజీలో లేని భాగం ఇదే, పది సిట్టింగుల తర్వాత మరో పది అవసరం అవుతున్నదీ ఇందుకే.

పరిశోధనలు కూడా దాదాపు ఇదే చెబుతున్నాయి. నడుము నొప్పికి మర్దన మీద జరిగిన 25 అధ్యయనాలను, అందులో పాల్గొన్న 3,096 మందిని కలిపి వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2015లో సమీక్షించింది. స్వల్పకాలంలో నొప్పి తగ్గుతుందని, కానీ ఆధారాల నాణ్యత బలహీనంగా ఉందని తేల్చింది. అంతకుముందు, 2011లో అమెరికాలో 401 మంది దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్నవారికి వారానికి ఒకటి చొప్పున పది సార్లు మర్దన చేశారు. కొందరికి కణజాలాన్ని లక్ష్యంగా పెట్టుకుని లోతుగా చేసే పద్ధతి, కొందరికి ఒళ్లంతా హాయిగా ఉండేలా చేసే సాధారణ పద్ధతి. రెండూ మామూలు వైద్యం కన్నా మెరుగ్గా పనిచేశాయి, రెండింటి మధ్యా పెద్ద తేడా లేదు. మేలు ఆరు నెలల దాకా కొంత నిలిచింది. "డీప్ టిష్యూ" అని పేరు పెట్టి రెట్టింపు డబ్బు అడిగేవారి దగ్గరికి వెళ్లే ముందు ఈ ఫలితాన్ని గుర్తుపెట్టుకోండి. బాధతో పళ్లు బిగించేంత గట్టిగా నొక్కితేనే పని చేస్తుందనేది అపోహ. పదికి ఐదు, ఆరు పాళ్ల ఒత్తిడి చాలు. మర్నాటికి చర్మం కమిలితే అది వైద్యం కాదు, దెబ్బ.

మీకు కావలసిన మెడ విషయంలో 2014 నాటి ఒక అధ్యయనం ఉపయోగపడుతుంది. దీర్ఘకాలిక మెడ నొప్పి ఉన్న 228 మందిని వేర్వేరు మోతాదుల్లో పరీక్షిస్తే, అరగంట చొప్పున చేసిన మర్దన పెద్దగా ఫలితమివ్వలేదు, గంటసేపు, వారానికి రెండు మూడు సార్లు, నాలుగు వారాలు చేసినప్పుడు మేలు కనిపించింది. నా క్లినిక్‌లో నేను గంటసేపు మర్దన ఒక్కటే చేయను, అంత తీరికా ఉండదు. అరగంట మర్దన, అరగంట వ్యాయామం చేయిస్తాను. ఇది నా అనుభవంతో తీసుకున్న నిర్ణయమే గాని, ఆ అధ్యయనం నిరూపించిన విషయం కాదు.

ఇక మనసు సంగతి. మర్దన చేయించుకున్న వెంటనే ఆందోళన, గుండె వేగం, రక్తపోటు కొంత తగ్గుతాయని, కొన్నాళ్లపాటు క్రమంగా చేయించుకున్నవారిలో కుంగుబాటు, ఆందోళన స్వభావం తగ్గుతాయని 37 అధ్యయనాలను కలిపి చూసిన 2004 నాటి విశ్లేషణ తేల్చింది. ఒత్తిడి హార్మోను అయిన కార్టిసాల్ పడిపోవడం వల్లే ఇదంతా అని కేంద్రాల బోర్డుల మీద రాస్తుంటారు గాని, లెక్కలు తిరిగి చూసినవారికి ఆ హార్మోనులో మార్పు చాలా స్వల్పంగానే కనిపించింది. ఇంకొక ఫలితం మా వృత్తివారిని కొంత ఇబ్బంది పెట్టింది. 2010లో, ఆందోళన రుగ్మత ఉన్న 68 మందిని మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకు మర్దన, ఇంకొక జట్టుకు వెచ్చని కాపడం, మూడో జట్టుకు ఎవరూ తాకకుండా ప్రశాంతమైన గదిలో సంగీతం వింటూ నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ పడుకోవడం ఇచ్చారు. మూడు జట్లూ దాదాపు సమానంగా బాగుపడ్డాయి. మరో ఆరేళ్ల తర్వాత జరిగిన ఇంకొక చిన్న అధ్యయనంలో మాత్రం తేలికపాటి స్పర్శ కన్నా మర్దనే మెరుగ్గా నిలిచింది. ఈ రెండూ కలిపి చదివితే నాకు అర్థమయ్యేది ఏమిటంటే, ఫోను పక్కన పెట్టి, ఎవరూ పిలవని చోట, గంటసేపు వెల్లకిలా పడుకోవడంలోనే సగం వైద్యం ఉంది. మీ నిద్ర విషయంలో ఆ సగం ఖర్చు లేకుండానే దొరుకుతుంది.

అయినా మిగతా సగాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కొన్నేళ్ల క్రితం తెనాలి నుంచి రిటైరైన ఒక పంతులమ్మగారు భుజం బిగుసుకుపోయి మా క్లినిక్‌కు వచ్చేవారు. మా దగ్గర పనిచేసే ఆడ ఫిజియోథెరపిస్టు ఆవిడ భుజం మీద చేయి పెట్టి కదిలిస్తుండగా ఒకరోజు ఉన్నట్టుండి ఏడ్చేశారు. నొప్పి పుట్టిందేమోనని మావాళ్లు ఆపేశారు. "నొప్పి కాదమ్మా, ఆయన పోయి రెండేళ్లయింది, నా ఒంటి మీద ఇంకొకరి చేయి పడింది ఇప్పుడే" అన్నారట. పిల్లలు దూరదేశాల్లో, ఇంట్లో తనొక్కరే. వయసు మళ్లినవారికి స్పర్శ కరువవుతుందన్న సంగతిని మేము కాగితాల మీద రాసుకునే పద్ధతి లేదు. ఆవిడ భుజం నాలుగు నెలల్లో సర్దుకుంది, దిగులుకు మాత్రం మానసిక వైద్యుల దగ్గరికి పంపవలసి వచ్చింది. మర్దన ఆ దిగులును బయటపెట్టింది గాని నయం చేయలేదు. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి చెడిపోయి, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే మీరూ ముందు ఆ వైద్యుల్నే కలవండి.

మన ఇళ్లలో ఇదేమీ కొత్త విద్య కాదు. దీపావళి తెల్లవారుజామున నువ్వుల నూనెతో తలంటు, పసిపిల్లలకు నూనె, నలుగు, కాళ్లు పట్టడం మనకు అలవాటే. వాగ్భటుడు అష్టాంగ హృదయం అనే ఆయుర్వేద గ్రంథంలో అభ్యంగనాన్ని దినచర్యలో చేర్చి, తలకు, చెవులకు, పాదాలకు ప్రత్యేకంగా చేయమన్నాడు. అదే చోట అజీర్ణం ఉన్నవారికి చేయవద్దనీ చెప్పాడు. చేయమన్న మాట అందరికీ గుర్తుంటుంది, వద్దన్న మాట ఎవరికీ గుర్తుండదు. ఆయుర్వేద పద్ధతి మీదనే మీకు నమ్మకం ఉంటే, నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉన్న ఊరు మీది. చదువుకున్న వైద్యులను వదిలేసి బోర్డు చూసి వెళ్లవలసిన అవసరం లేదు.

వద్దన్న మాటల్లో మొదటిది మీ అమ్మగారికి సంబంధించినదే, నా సొంత తప్పుతో చెబుతాను. వృత్తిలోకి వచ్చిన రెండో ఏడాది, షుగరు ఉన్న ఒక పెద్దావిడ పాదాలకు నూనె కాచి మర్దన చేశాను. నా మణికట్టు మీద చుక్క వేసుకుని చూస్తే సరిపోయిందనిపించింది. ఆవిడ "చల్లగా ఉంది నాయనా, ఇంకొంచెం వేడి చెయ్" అంటే మళ్లీ కాచాను. రెండోసారి చూసుకోలేదు. మర్నాడు అరికాలికి బొబ్బ లేచింది, అది పుండై మానడానికి ఆరు వారాలు పట్టింది. షుగరు వల్ల స్పర్శ తగ్గిన పాదం అది. వేడి ఎంతో చెప్పమని ఆ పాదాన్ని అడగడమే నేను చేసిన తప్పు. అప్పటి నుంచి షుగరు ఉన్న ప్రతివారి అరికాళ్లను పది గ్రాముల మోనోఫిలమెంటుతో, అంటే స్పర్శ తెలుస్తోందో లేదో చూసే సన్నని నైలాన్ పోగుతో, పరీక్షించకుండా చేయి వేయను.

రెండోది ఇంకా ప్రమాదకరం. కాలు విరిగి సిమెంటు కట్టు విప్పించుకున్న నలభై ఐదేళ్లాయన పిక్క నొప్పి అంటూ వచ్చారు. వారం రోజులుగా రాత్రిపూట భార్య నూనె రాసి గట్టిగా పిసుకుతోందట. రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పిక్క నిగనిగలాడుతూ, వెచ్చగా, బిగువుగా ఉంది. మోకాలి కింద ఎముక ఉబ్బెత్తుకు పది సెంటీమీటర్ల దిగువన టేపు పెట్టి కొలిచాను. రెండో కాలికన్నా మూడున్నర సెంటీమీటర్లు ఎక్కువ. మూడు దాటితే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించాలి. ముట్టుకోకుండా, సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ స్కాన్ పరీక్షకు పంపాను, గడ్డ ఉందని తేలింది. అలాంటి పిక్కను పిసికితే గడ్డ విడివడి ఊపిరితిత్తులకు చేరవచ్చు, ప్రాణం పోవచ్చు. ఆపరేషన్ తర్వాత, కట్టు తర్వాత, సుదీర్ఘ ప్రయాణం తర్వాత, కాన్పు తర్వాత ఒక్క కాలే వాచి నొప్పి పెడితే మర్దన ఆలోచనే పెట్టుకోకండి.

మిగతావి త్వరగా చెబుతాను. జ్వరం, చర్మం మీద పుండ్లు, కొత్తగా విరిగిన ఎముక, బాగా గుల్లబారిన ఎముకలు ఉన్నప్పుడు మర్దన వద్దు. రక్తం పలచబడే మందులు వాడేవారికి తేలిక చేయి మాత్రమే. సెలూన్‌లో గడ్డం గీశాక మెడను ఒక్కసారిగా తిప్పి టక్కుమనిపించే అలవాటును ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోకండి. మెడ ఎముకల్లోంచి మెదడుకు పోయే ధమని గోడ చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. ఎడమ భుజం, దవడ లాగుతూ చెమటలు పడితే అది కండరమని సరిపెట్టుకోకుండా ముందు ఈసీజీ తీయించాలి. మీ విషయంలో చేతివేళ్లలో తిమ్మిరి, పట్టు సడలడం, నడకలో తూలు ఉంటే మర్దనకు ముందే డాక్టరును కలవాలి.

ఇవేవీ లేకపోతే మీకు నేను చెప్పేది ఇది. అర్హత ఉన్న ఫిజియోథెరపిస్టు దగ్గర నాలుగు వారాలకు మాత్రమే ఒప్పుకోండి, పది సిట్టింగుల డబ్బు ముందుగా కట్టకండి. మొదటి రోజు మీ మెడను కదిలించి, ప్రశ్నలు అడిగి, కాగితం మీద రాసుకోకుండా నేరుగా బల్ల ఎక్కించేవారి దగ్గర ఉండకండి. కంప్యూటర్ తెర పైఅంచు మీ కళ్ల ఎత్తులో ఉండాలి. గంటకోసారి లేచి, గడ్డాన్ని కిందికి వంచకుండా తిన్నగా వెనక్కి లాగి ఐదు సెకన్లు ఆపి వదలాలి, ఇలా పదిసార్లు. నాలుగు వారాలకూ రవ్వంత తేడా లేకపోతే సమస్య కండరంలో లేకపోవచ్చు.

మీ అమ్మగారికి మోకాలి మర్దన వల్ల కొంత ఉపశమనం ఉంటుంది. అమెరికాలో 222 మంది మోకాలి అరుగుదల రోగుల మీద జరిగిన అధ్యయనంలో వారానికోసారి గంటసేపు చేస్తే ఎనిమిది వారాలకు స్పష్టమైన మేలు కనిపించింది, ఏడాది చివరికి మాత్రం మర్దన చేయించుకున్నవారికీ మిగతావారికీ మధ్య తేడా మిగల్లేదు. అందుకని ఇంట్లోనే చేయండి. మోకాలిచిప్పను నొక్కకుండా, చిప్పకు పైనున్న తొడ కండరాన్ని అరచేత్తో కింది నుంచి పైకి, నెమ్మదిగా, పది నిమిషాలు. ఆ వెంటనే కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కో కాలును తిన్నగా చాపి ఐదు సెకన్లు ఆపి దించమనండి, కాలికి పదిసార్లు. తొడకు బలం వస్తే మోకాలి మీద భారం తగ్గుతుంది, మర్దన మానేశాకా మిగిలేది ఆ బలమే. నూనె గోరువెచ్చగా ఉంటే చాలు, వేడి మీ మోచేతితో చూడండి, పోసిన ప్రతిసారీ చూడండి. అయిపోయాక పాదాలకు, వేళ్ల సందుల్లో నూనె లేకుండా పొడిబట్టతో తుడిచి, చెప్పులు తొడిగాకే ఆవిడను లేవనివ్వండి. నూనె కాళ్లతో టైల్స్ మీద జారి తుంటి విరిగి వచ్చినవారిని ఈ ఏడాది ఇప్పటికే ఇద్దరిని చూశాను.